జెర్రి కాదు, రోకలిబండ

పురుగంటే భయపడేవాళ్ళు వేరు, అసహ్యపడేవాళ్ళు వేరు. భయపడేవాళ్ళు ఓ కేక పెట్టి బయటికి పరుగెత్తుతారు, ఎవరో దాన్ని చంపి పారేస్తారు, అంతటితో మరిచిపోయి భోజనానికి కూర్చుంటారు. అసహ్యపడేవాళ్ళకి ఆ అదృష్టం లేదు. పురుగు చచ్చి చెత్తడబ్బాలోకి పోయాక కూడా అది నడిచిన చోటు వాళ్ళ కళ్ళకి కనబడుతూనే ఉంటుంది. ఆ చోట కాలు పెట్టరు, చెయ్యి పెట్టరు, కుదిరితే ఆ గదిలోకే పోరు. దులుపుడత్త ఈ రెండో రకం మనిషి.

ఆ పేరు పిల్లలు పెట్టింది. ఓ పెద్ద ఆఫీసు భవనం కింది అంతస్తులో, పైన ఉద్యోగాలు చేసే తల్లులు పసిపిల్లల్ని పగలంతా వదిలి వెళ్ళే క్రెష్ ఒకటుంది. అందులో పదకొండేళ్ళుగా ఆవిడ ఆయా. పడుకోబెట్టే ముందు దుప్పటి దులుపుతుంది. కూర్చోబెట్టే ముందు చాప దులుపుతుంది. బొమ్మ ఎలుగుబంటిని చెవి పట్టుకుని దులుపుతుంది. తొడిగే ముందు బూటు తిరగేసి నేలకేసి మూడుసార్లు కొడుతుంది. కొత్తగా చేరిన తల్లి ఎవరైనా "ఎందుకండీ అలా కొడతారు?" అనడిగితే, "ఏం లేదమ్మా, అలవాటు" అని నవ్వేస్తుంది. లోపల మాత్రం ఆ బూటులోంచి ఏదో ఒకటి కాళ్ళాడిస్తూ రాలి పడుతుందని ప్రతిసారీ ఊపిరి బిగబట్టుకునే ఉంటుంది. పదకొండేళ్ళలో రాలింది ఇసక, రెండు గుండీలు, నమిలేసిన ఓ బిస్కెట్టు ముక్క. అయినా ఆ ఊపిరి వదులు కాలేదు.

ఇదంతా ఉత్తపుణ్యానికి వచ్చిన రోగం కాదు. కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారింట్లో వెనక గది వీళ్ళకిచ్చారు. గోడలు ఏడాది పొడుగునా చెమ్మ. ఓ మధ్యాహ్నం కాస్త నడుం వాల్చితే మెడ మీద ఏదో నడిచింది. జుట్టు అనుకుని చేత్తో తోసింది. తోసిన జుట్టు తిరిగి నడిచింది. లేచి చూస్తే దిండు మీద జానెడు జెర్రి. అంతే, ఆ రోజు ఆవిడ మెడని సబ్బుతో తోమి తోమి తోలు ఊడగొట్టుకుంది. అత్తగారు వారించినా వినలేదు. ఇప్పటికి ఇరవై ఆరేళ్ళు. ఇద్దరు పిల్లలు పెద్దవాళ్ళై ఎవరి పనులకి వాళ్ళు పోతున్నారు, లారీ నడిపే భర్త వారానికోసారి ఇంటికొస్తాడు, జుట్టు నెరిసింది. కానీ ఆ జెర్రి నడిచిన దారి ఎడమ చెవి కింద నుంచి కంఠం దాకా ఎక్కడెక్కడ వంకర తిరిగిందో ఇప్పుడడిగినా వేలితో గీసి చూపిస్తుంది.

ఆ రోజు ఆ జెర్రిని పట్టకారుతో పట్టి సీసాలో వేసినవాడు ఆవిడ మరిది. అప్పటికి వాడికి పదేళ్ళు. ఆ సీసాతో మొదలైన వాడి పిచ్చి అక్కడితో ఆగలేదు. పెద్దయ్యాక ఇళ్ళకీ గోదాములకీ పురుగులమందు కొట్టే పనిలో చేరాడు. ఆదివారం భోజనానికి వస్తాడు. వచ్చి, సరిగ్గా ముద్ద నోట్లో పెట్టుకునే వేళ మొదలుపెడతాడు.

"వదినా, నిన్న ఒకళ్ళ స్నానాలగది తూము మూత తీశాం..."

"నోరు మూసుకుని తిను."

"అది కాదు వదినా, దాని కాళ్ళు చూడాలి నువ్వు..."

"కంచం తీసుకుని గుమ్మం బయటికి నడు!"

వాడు నవ్వుతాడు, ఆవిడకి ముద్ద దిగదు. నీకు కాళ్ళున్న ప్రతిదీ జెర్రే వదినా, జెర్రి వేరు, రోకలిబండ వేరు, ఒకసారి చెప్తాను విను అని వాడు ఇన్నేళ్ళుగా అంటూనే ఉన్నాడు. ఆవిడ చెవులు మూసుకుంటూనే ఉంది. అసహ్యమైనవాటిలో రకాలు తెలుసుకుని ఏం ఊరేగాలి?

క్రెష్ నడిపే పెద్దమేడమ్‌కి ఆవిడ అసహ్యం బాగా కలిసొచ్చింది. పిల్లల దుప్పట్లలో పురుగుల గుడ్లుంటాయేమోనని దులుపుడత్త ఇంట్లోంచి సొంత ఇస్త్రీపెట్టె తెచ్చి, రోజూ మధ్యాహ్నం వెనక గదిలో పన్నెండు చిన్న దుప్పట్లూ ఇస్త్రీ చేసేది. ఎవరూ చెయ్యమనలేదు. పెద్దమేడమ్ మాత్రం చేరడానికొచ్చిన ప్రతి తల్లికీ ఆ గది చూపించి, "మా దగ్గర దుప్పట్లు కూడా ఇస్త్రీ చేస్తామండీ" అని గొప్పలు పోయేది.

మేడమ్‌కి ఇంకో గొప్ప కూడా ఉంది. గుమ్మం పక్కన, పిల్లల బూట్ల స్టాండు ఆనించి, నాలుగు పెద్ద కుండీలు పెట్టించింది. వాటినిండా ఎండుటాకులు నింపి నీళ్ళు పోయించేది. ఆకులు కుళ్ళితే మొక్కలకి బలమట, మట్టి వాసన పిల్లలకి మంచిదట. కుండీల నీళ్ళు స్టాండు కింద పరిచిన రబ్బరు పట్టా కిందికి జారి, అక్కడ ఎప్పుడూ చిత్తడే. దులుపుడత్త ఆ పట్టా అంచు ఎత్తి చూసిన పాపాన పోలేదు. చూడకుండానే దాని కింద ఏముంటుందో ఆవిడకి తెలుసు. మూడుసార్లు మేడమ్ చెవిన వేసింది. "వానలు మొదలవుతున్నాయి మేడమ్, అక్కడ పురుగు చేరుతుంది." మేడమ్ మూడుసార్లూ పెడచెవిన పెట్టింది.

వానలు పట్టుకున్నాయి. నాలుగు రోజులు తెరిపి లేదు. అయిదో రోజు, సోమవారం, కాస్త ఎండ పొడ కనబడేసరికి పిల్లల్ని వెనక గడ్డిలోకి వదిలారు. వదలగానే అందరూ చేసే పనే చేశారు. బూట్లు విప్పి, సాక్సులు ఉండలు చుట్టి బూట్లలో కుక్కి, స్టాండు కింద పడేసి పరుగెత్తారు. అరగంటకి తిరిగొస్తే దులుపుడత్త వరసగా కూర్చోబెట్టి తొడగడం మొదలుపెట్టింది. బూటు తిరగేసి మూడు దెబ్బలు. సాక్సుని అంచు దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుని గాల్లో నాలుగు విదిలింపులు. అక్కడ ఉంది కిటుకు. పిల్లల్ని పెంచిన ఏ ఆడదైనా సాక్సులో చెయ్యి దూర్చి తిరగేస్తుంది. ఆవిడ దూర్చదు. లోపల వేలికి ఏదైనా మెత్తగా తగిలితే?

ఉంగరాల జుట్టు పాప ఒకతుంది. మూడేళ్ళు. తల్లి అయిదో అంతస్తులో ఫోన్లు మాట్లాడే ఉద్యోగం. ఆ పాప భోజనం దగ్గర "కాలు మంట, కాలు మంట" అని రెండుసార్లంది. కొత్త బూట్లు కరుస్తున్నాయిలే అనుకుని దులుపుడత్త ఇంకో ముద్ద పెట్టింది. ఒంటిగంటకి పడుకోబెడుతూ ఎడమకాలి సాక్సు లాగితే, వేళ్ళ పక్కనా పాదం మీదా తుప్పురంగు మరకలు. సాక్సు కొసన ఏదో నలిగి ముద్దయి అంటుకుని ఉంది. ఘాటైన వాసన గుప్పుమంది. ఆవిడ రెండో చూపు చూడలేదు. ముఖం పక్కకి తిప్పి, సాక్సుని చీపురుపుల్లతో ఎత్తి చెత్తడబ్బాలో వేసి, మూత పెట్టి, దొడ్లోకి పోయి వాంతి చేసుకుంది. తర్వాత పాప కాలు సబ్బుతో రెండుసార్లు కడిగింది. మరక పోలేదు. పెద్దమేడమ్‌కి చెబితే కాగితాల్లోంచి తలెత్తకుండా "బూటు రాసుకుని ఉంటుందిలే" అంది. రెండింటికి చెత్తబండి వచ్చి డబ్బా ఖాళీ చేసుకుపోయింది.

సాయంత్రం తల్లి వచ్చేసరికి ఆ తుప్పురంగు కాస్తా నల్లబడింది. మూడు వేళ్ళూ, పాదం పైన రెండంగుళాల మేర, ఊదా కలిసిన నలుపు. ఒకచోట చర్మం ఉబ్బి చిన్న బొబ్బ.

"ఏమైంది దీనికి?" అంది తల్లి. ఆ గొంతుకి పిల్లలంతా ఆటలాపి చూశారు. "ఇది... ఇది కాలిన మచ్చ. ఎవరు కాల్చారు?"

"కాల్చడమేంటమ్మా! సాక్సులో జెర్రి దూరింది. నేనే తీసి పడేశాను."

"మీరు చూశారా?"

"చూశాను... అంటే, సరిగ్గా చూడలేదు. అసహ్యమేసి పారేశాను."

"ఆ సాక్సేది?"

"చెత్తబండిలో పోయింది."

తల్లి చూపు దులుపుడత్త భుజం మీదుగా వెనక గదిలోకి పోయింది. అక్కడ, మడతపెట్టిన దుప్పట్ల పక్కన, ఇంకా చల్లారని ఇస్త్రీపెట్టె నిలబెట్టి ఉంది. ఆ చూపు ఎటు పోయిందో చూసి దులుపుడత్త పెద్దమేడమ్ వైపు తిరిగింది, మధ్యాహ్నమే మీకు చెప్పాను కదా అన్నట్టు. మేడమ్ పాప కాలినే చూస్తూ నిలబడింది.

పక్క వీధి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన ఉన్న మాటే చెప్పాడు. జెర్రి కరిస్తే రెండు గాట్లు కనబడతాయి, పిల్ల గుక్కపట్టి ఏడ్చి ఉండేది, ఇది కాటు కాదు, ఏదో తగిలి కాలినట్టుంది, దేనితోనో నేను చెప్పలేను అన్నాడు. అంతటితో దులుపుడత్త మాట అబద్ధమైపోయింది. మర్నాడు పనికి రావద్దన్నారు. బుధవారం పదింటికి వచ్చి, పాప కాలు తన అజాగ్రత్త వల్ల కాలిందని కాగితం రాసి సంతకం పెట్టాలి. పెడితే మాన్పించి ఊరుకుంటారు. పెట్టకపోతే తల్లి పోలీసులకి ఫిర్యాదు ఇస్తుంది. ఎటు తిరిగినా పసిపిల్లని కాల్చిన మనిషి అన్న పేరు మిగులుతుంది. ఆ పేరున్న ఆడదాని చేతికి ఎవరు మాత్రం బిడ్డనిస్తారు?

మంగళవారం కూరగాయల కొట్టు దగ్గర క్రెష్‌లోని ఇద్దరు తల్లులు ఎదురయ్యారు. పలకరించబోతే ఒకావిడ బిడ్డని ఇటు చంకలోంచి అటు చంకలోకి మార్చుకుంది. ఏ బిడ్డ? రాత్రి నిద్రపోలేదని తల్లి చెబితే పగలంతా దులుపుడత్త భుజం మీద వేసుకు తిరిగిన బిడ్డ. దులుపుడత్తకి తల కొట్టేసినట్టయింది. కొన్న టమాటాలు అక్కడే వదిలేసి ఇంటికొచ్చి పడింది.

కబురు విని మరిది సాయంత్రం వచ్చాడు. ఈసారి వాడు నవ్వలేదు. గోడకి చేరగిలబడి కూర్చుని అడగడం మొదలుపెట్టాడు.

"వదినా, దానికి ఎన్ని కాళ్ళు?"

"నా మొహం. నేను చూడలేదంటున్నాను కదా."

"బల్లపరుపుగా ఉందా, గుండ్రంగా ఉందా?"

"ముద్దగా ఉంది. నన్ను చంపకు."

"వాసనేసిందా?"

"వేసింది. టింక్చరు సీసా మూత తీసినట్టు. ముక్కులో ఇప్పటికీ ఉంది."

"మరక మొదట్లోనే నల్లగా ఉందా?"

"లేదు. మధ్యాహ్నం తుప్పురంగు. సాయంత్రానికి నల్లబడింది."

మరిది తొడ మీద చరుచుకున్నాడు. "అది జెర్రి కాదు వదినా! ఇన్నేళ్ళూ చెప్పనిచ్చావా నన్ను? అది రోకలిబండ. జెర్రి కరుస్తుంది, రోకలిబండకి కరవడం రాదు. పట్టుకుంటే చుట్టలా చుట్టుకుంటుంది. నలిపావా, ఒంట్లోంచి రసం కారుతుంది. ఆ రసం చర్మానికి తగిలితే ముందు తుప్పురంగు, తర్వాత నలుపు. అచ్చం కాలినట్టే ఉంటుంది. నెల, రెండు నెలలైనా పోదు. నువ్వు జెర్రి అన్నావు, డాక్టరు జెర్రి కాదన్నాడు. ఇద్దరూ కలిసి నీ కొంప ముంచారు."

"అయితే నువ్వొచ్చి చెప్పు."

"నేను నీ మరిదిని. పురుగులమందులతో పనిచేసేవాణ్ణి. ఏదో రంగు పూసి వదినని తప్పించాడంటారు." తన పాదాలు ముందుకి చాపాడు. "వాళ్ళ గుమ్మంలో పురుగే కావాలి. వాళ్ళ కళ్ళముందే ఎవరి కాలికో అంటాలి. నా కాళ్ళు చూడు, మందులకి మొద్దుబారి బండలైపోయాయి, దేనికీ రంగెక్కవు."

ఎవరి కాలు అన్నది ఇద్దరికీ తెలుసు. ఆవిడ తన పాదాలు చీర కిందికి లాక్కుంది.

"నీవల్ల కాదులే వదినా," అన్నాడు వాడు మెల్లగా. "పురుగు బొమ్మున్న పుస్తకం కూడా తిప్పలేవు నువ్వు."

"తీసుకురా," అంది ఆవిడ. "రెండూ తీసుకురా. ఏది ఏదో చూపించు."

వాడు ఇంటికెళ్ళి రెండు సీసాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. రెంటిలోనూ బతికున్నవే. ఆవిడ కుర్చీ దూరంగా జరుపుకుని, పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని చూసింది. ఒకదాంట్లో జెర్రి. నొక్కేసినట్టు బల్లపరుపు ఒళ్ళు, పక్కలకి చాచిన కాళ్ళు, ఒక్కో కణుపుకి ఒక్క జత. ముందు పొడుగు మీసాలు, వెనకాల తోకలా చాచిన రెండు కాళ్ళు, ఏది ముందో ఏది వెనకో ఒక పట్టాన తెలియదు. సీసాలో ఒక్క క్షణం నిలకడ లేదు దానికి. ఆ పరుగు చూడగానే ఆవిడ మెడ జలదరించింది. లేచి పోయి వాంతి చేసుకుని, ముఖం కడుక్కుని, మళ్ళీ వచ్చి కూర్చుంది. రెండోదాంట్లో రోకలిబండ. గుండ్రటి ఒళ్ళు, ముదురు గోధుమరంగు, నూనె రాసినట్టు నిగనిగ. కాళ్ళన్నీ పొట్ట కిందే, ఒక్కో కణుపుకి రెండేసి జతలు, సన్నటి వెంట్రుకల్లా ఇటు నుంచి అటు వరసగా కదులుతున్నాయి. తొందర లేదు. మరిది సీసా తడితే చప్పున చుట్ట చుట్టుకుంది. పరుగెత్తే అసహ్యం ఒకటి, పాకే అసహ్యం ఒకటి. ఇన్నాళ్ళూ రెంటినీ ఒకే అసహ్యంతో చూసినందుకు ఇంత పనైంది.

"పరుగెత్తేదాని జోలికి పోకు," అన్నాడు మరిది సీసాలు సంచిలో పెట్టుకుంటూ. "చుట్టుకునేదాన్నే పట్టు. పట్టాక ఆ చెయ్యి కళ్ళకి పెట్టుకోకు."

బుధవారం పదింటికి పెద్దమేడమ్ గదిలో ఉంగరాల పాప తల్లి పాపని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. బల్ల మీద కాగితం, కలం సిద్ధం. దులుపుడత్త కూర్చోలేదు.

"సంతకం పెడతానమ్మా. ముందు ఒక్కసారి గుమ్మం దాకా రండి."

"మళ్ళీ ఏం కథ?" అంది పెద్దమేడమ్.

"కథ కాదు మేడమ్. మీ కుండీలు."

ఇద్దరూ వచ్చారు, పాప కూడా వచ్చింది. దులుపుడత్త బూట్ల స్టాండు పక్కకి జరిపింది. రబ్బరు పట్టా అంచు పట్టుకుంది. పదకొండేళ్ళుగా ఎత్తనిదాన్ని ఒక్క లాగుతో తిరగేసింది. కుళ్ళిన ఆకుల కంపు లేచింది. కింద నల్లటి చిత్తడిలో అన్నీ ఒక్కసారి కదిలాయి. పెద్దమేడమ్ "అమ్మో!" అని వెనక్కి దూకి కుండీకి గుద్దుకుంది. సర్రున ఒకటి అడ్డంగా పరుగెత్తింది. బల్లపరుపు ఒళ్ళు, పక్కలకి కాళ్ళు. ఇది జెర్రి, దీన్ని కాదు అనుకుంది దులుపుడత్త. అది గోడ పగుల్లో దూరేదాకా కళ్ళు మూసుకోకుండా చూసింది. మిగిలినవి ఐదారు మెల్లగా పాకుతున్నాయి. వాటిలో ఒకదాన్ని వేలితో తాకింది. అది చుట్ట చుట్టుకుంది. పెదవులు బిగపట్టి రెండు వేళ్ళతో ఎత్తింది.

తర్వాత జరిగింది చూడటానికి ఆ ఇద్దరికీ మనసు రాలేదు, చూపు తిప్పుకోవడానికీ కుదరలేదు. ఆవిడ కొత్త తెల్ల సాక్సు ఒకటి తీసి, దాని కొసన ఆ పురుగుని వేసి, ఎడమ పాదానికి తొడుక్కుంది. కాలు నేలకేసి గట్టిగా నొక్కింది. లోపల చిటుక్కుమంది.

"రెండు గంటలు కూర్చోండమ్మా," అంది తల్లితో. "ఇంకేమీ అడగను. మీ పాప సాక్సు రెండు గంటలే ఉంది కాలికి."

గదిలో ఎదురెదురుగా కూర్చున్నారు. ఆ రెండు గంటలు ఆవిడ ఎలా గడిపిందో ఎవరికైనా ఎలా చెప్పను? మొదటి పది నిమిషాలు అది పూర్తిగా చావలేదు. వేళ్ళ సందున కొన్ని కాళ్ళు ఆడుతున్నాయి, వాటిని ఆవిడ విడివిడిగా లెక్కపెట్టగలదు. ఆ తర్వాత తడి. తడి మెల్లగా వేళ్ళ కిందికి జారింది. తర్వాత మంట. గదినిండా ఆ టింక్చరు వాసన. కాలు విదిలించి, సాక్సు చింపేసి, తోలు ఊడేదాకా రుద్దుకోవాలని ఒళ్ళంతా పీకుతోంది. కుర్చీ అంచు పట్టుకుని కూర్చుంది. చెమటలు కారి జాకెట్టు వీపుకి అంటుకుంది.

సగంలో తల్లే నోరు తెరిచింది. "మీకు పురుగులంటే అంత అసహ్యమని అందరూ అంటారు కదా."

"అందుకేనమ్మా ఇదంతా వచ్చింది. సాక్సు విదిలించాను కానీ లోపల చెయ్యి పెట్టి చూడలేదు. అసహ్యమేసింది. మంట అని పాప రెండుసార్లు చెప్పింది, బూట్లనుకున్నాను. అవి నా తప్పులు, ఒప్పుకుంటాను. వాటికి మీరేమన్నా పడతాను. నేను కాల్చానంటే మాత్రం పడను."

పన్నెండు దాటాక సాక్సు తీసింది. నలిగిన పెంకు ముక్కలు చర్మానికి అంటుకుని ఉన్నాయి. వాటి చుట్టూ, వేళ్ళ మీదా పాదం మీదా, తుప్పురంగు. ఒక్కొక్క చోట అప్పుడే ఊదాలోకి తిరుగుతోంది. తల్లి లేచి వచ్చింది. పాప ఎడమకాలి సాక్సు విప్పి, ఆ చిన్న పాదాన్ని దులుపుడత్త పాదం పక్కన పెట్టింది. ఒకటి ముదురు, ఒకటి లేత, అంతే తేడా.

"అత్తకి కూడా ఉఫ్," అంది పాప. వంగి ఆ పెద్ద పాదం మీద ఊదింది.

తల్లి ముఖంలో రంగు పోయింది. బల్ల మీది కాగితం తీసి నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో నలిపేసింది.

ముందుగా తేరుకున్నది పెద్దమేడమే. "సరే, పొరపాటైపోయింది. అందరం సర్దుకుందాం. కుండీలు రేపే తీయించేస్తాను. బయట మాత్రం పురుగు గొడవ ఎత్తకండి. పాపకి ఒంటికి పడక దద్దుర్లొచ్చాయని చెబుదాం. నువ్వు ముందు వెళ్ళి ఆ కాలు కడుక్కో, చూడలేకపోతున్నాను."

దులుపుడత్త కదల్లేదు. "కాల్చానని ఎంతమందికి చెప్పారు మేడమ్?"

జవాబు ఉంగరాల పాప తల్లి ఇచ్చింది, నేల చూస్తూ. "అందరికీ నేనే చెప్పాను. పదకొండు మందికీ ఫోన్లు చేసి చెప్పాను."

"అయితే అందరూ సాయంత్రం గేటు దగ్గరికొస్తారు," అంది దులుపుడత్త.

సాయంత్రం అయిదింటికి ఆవిడ గేటు పక్కన ఎత్తు పీట వేసుకుని, చెప్పు లేకుండా ఎడమ కాలు చాపి కూర్చుంది. పెంకు ముక్కలు అలాగే ఉన్నాయి. మరక నల్లబడి వాసన వేస్తోంది. పెద్దమేడమ్ లోపలికి రమ్మని రెండుసార్లు సైగ చేసి, మూడోసారి తలుపేసుకుంది. ఉంగరాల పాప తల్లి వచ్చి పీట పక్కన నిలబడింది. మొదటి తల్లి వచ్చి ఆ కాలు చూసి, ముక్కు మూసుకుని "ఛీ, ఏంటది?" అంది.

"రోకలిబండ," అంది దులుపుడత్త. "జెర్రి కాదు. నలిగితే ఇలా అవుతుంది. మీ బాబు సాక్సు తిరగేసి చూడండి."

ఉంగరాల పాప తల్లి గొంతు సవరించుకుంది. "ఈవిడ మా పాపని కాల్చలేదు. నేను తప్పు చెప్పాను."

రెండో తల్లి వచ్చింది. మళ్ళీ అదే మాట. మూడో ఆవిడ, నాలుగో ఆవిడ, కూరగాయల కొట్టు దగ్గర చంక మార్చిన ఆవిడ. ప్రతిసారీ ఉంగరాల పాప తల్లి ముఖం కందిపోతోంది, ప్రతిసారీ గొంతు మరికాస్త సన్నబడుతోంది. అయిదుగురు అయ్యేసరికి కళ్ళ నిండా నీళ్ళు. "పోనీలెండమ్మా, ఇక చాలు" అన్న మాట దులుపుడత్త నోటిదాకా వచ్చింది. జాలి కూడా వేసింది. అయినా అనలేదు. కాలి మీద ఈగలు వాలుతున్నాయి, వాటినీ తోలలేదు. పదకొండో తల్లి చెవిన కూడా ఆ మాట పడేదాకా అలాగే కూర్చుని, అప్పుడు లేచి లోపలికి వెళ్ళి కాలు కడుక్కుంది.